సోలార్ పెరిగితే లైన్లు నమ్మదగనివి అవుతాయా? తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

కొంతకాలంగా ఒక పొడవాటి మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారాంశం ఇది. ఇళ్ల మీద సోలార్, అక్కడక్కడా చిన్న గాలిమరలు, చిన్న హైడ్రో యూనిట్లు పెరిగేకొద్దీ కరెంటు పంపిణీ నమ్మదగనిదైపోతుంది. మేఘం పడితే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు వచ్చే లైన్) అంతా చీకటి. ట్రాన్స్‌ఫార్మర్ ఒకే దిశలో పనిచేసేలా తయారైంది కాబట్టి కరెంటు వెనక్కి వస్తే కాలిపోతుంది. వోల్టేజీ పెరిగి ఇంట్లో సామాన్లు మాడిపోతాయి. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. రిలేలకు (లైన్‌లో తేడా పసిగట్టి ఆపేయించే పరికరాలు) ఫాల్టు (షార్ట్ లాంటి లోపం) కనిపించదు. దక్షిణ ఆస్ట్రేలియా, బ్రిటన్, స్పెయిన్ చీకటైంది ఇందుకే. పైగా కరెంటు పోతే ఆ సోలార్ కూడా పనిచేయదు. చివర్లో ముద్ర వేసినట్టు ఒక మాట: "ఇంజినీర్లే 15 శాతం దాటొద్దన్నారు."

ఈ మెసేజ్ రాసిన వ్యక్తికి విషయం అసలు తెలియదని అనలేను. దాదాపు ప్రతి మాట వెనకా ఒక నిజమైన సమస్య ఉంది. తేడా వచ్చేది సమస్య నుంచి తీర్పుకి దూకేచోట. పంపిణీ లైన్ల మీద చిన్న ఉత్పత్తి కేంద్రాలు ఇబ్బంది పెట్టిన ప్రతి పెద్ద సందర్భంలోనూ తప్పు వాటికి పెట్టిన సెట్టింగుల్లోనో, వాటికి రాసిన నిబంధనల్లోనో దొరికింది. అవి చాలా తక్కువగా ఉన్న రోజుల్లో రాసిన నిబంధనలు, అవి లక్షల్లోకి చేరాక కూడా అలాగే మిగిలిపోయాయి.

వరస ప్రకారం చూసే ముందు ఒక లెక్క. పంపిణీ సంస్థలు నమ్మకాన్ని ముఖ్యంగా రెండు అంకెలతో కొలుస్తాయి. ఏడాదిలో సగటు వినియోగదారుడికి ఎన్ని నిమిషాలు కరెంటు లేదు అన్నది సైడీ. ఎన్నిసార్లు పోయింది అన్నది సైఫీ. ఈ అంకెల్లో ఎక్కువ భాగం పంపిణీ లైన్ల మీద జరిగే మామూలు విషయాల వల్లే వస్తుంది: కొమ్మ పడడం, పిడుగు, పగిలిన ఇన్సులేటర్, కేబుల్ జాయింట్‌లో తేమ, తవ్వకంలో తెగిన కేబుల్, పక్షులు, ఉడతలు. వీటిలో దేనికీ ఆ కరెంటు ఎక్కడ పుట్టిందన్న దానితో సంబంధం లేదు.

జర్మనీలో సైడీ 2006లో 21 నిమిషాలకు పైనే ఉండేది. 2023లో 13 నిమిషాల లోపుకి వచ్చింది. ఈ మధ్యకాలంలో అక్కడి వాడకంలో పునరుత్పాదక విద్యుత్ వాటా సుమారు 12 శాతం నుంచి సగానికి పైగా పెరిగింది. సోలార్‌ను సమర్థించేవాళ్లు ఈ అంకెల్ని చాలా ఉత్సాహంగా చూపిస్తుంటారు. వాళ్లకూ ఒక హెచ్చరిక: అక్కడ మీడియం, తక్కువ వోల్టేజీ లైన్లు ఎక్కువగా భూమి కింద ఉన్నాయి. మూడు నిమిషాల లోపు పోయిన కరెంటు, అసాధారణ విపత్తులు ఆ లెక్కలోకి రావు. కాబట్టి సోలార్ వల్ల నమ్మకం పెరిగిందని ఇది చెప్పదు. సోలార్ పెరిగితే నమ్మకం తప్పనిసరిగా పడిపోతుంది అన్న మాటను మాత్రం నిలబడనివ్వదు.

"మేఘం పడితే ఫీడర్ అంతా చీకటి"

మేఘం అడ్డొస్తే ఒక ఇంటి ప్యానెళ్ల ఉత్పత్తి నిమిషం లోపే సగానికి పైగా పడిపోవచ్చు. అది నిజం. కానీ ఆ ఇల్లు గ్రిడ్‌కు కట్టి ఉంది. తగ్గిన ప్రతి వాట్ అప్పటికప్పుడే సబ్‌స్టేషన్ వైపు నుంచి వస్తుంది. ఇంట్లో వాళ్లకు తెలియను కూడా తెలియదు. అదే ఫీడర్, అదే ట్రాన్స్‌ఫార్మర్ ప్రతి రాత్రీ ప్యానెళ్ల నుంచి ఒక్క వాట్ రాని సమయంలో మొత్తం లోడ్ మోస్తూనే ఉన్నాయి కదా? మబ్బు పట్టిన మధ్యాహ్నం వాటికి రాత్రి కంటే కష్టమేమీ కాదు.

ఉన్న ఇబ్బంది చిన్నది, కానీ ఉంది. సోలార్ ఎక్కువున్న ఫీడర్‌లో మేఘాలు వస్తూ పోతూ ఉంటే వోల్టేజీ ఊగుతుంది. దాన్ని సరిచేయడానికి సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీని మెట్లుమెట్లుగా మార్చే ట్యాప్ చేంజర్ మామూలు కంటే ఎక్కువసార్లు కదులుతుంది, త్వరగా అరుగుతుంది. అంటే మెయింటెనెన్స్ ఖర్చు పెరుగుతుంది. అలాగే ఒక ప్యానెల్ మీద కనిపించే ఊగిసలాట ఫీడర్ మొత్తం మీద అంత పదునుగా ఉండదు, ఎందుకంటే మేఘం అన్ని ఇళ్ల కప్పుల్నీ ఒకే సెకనులో కప్పలేదు.

అన్ని కప్పుల మీదా ఒకేసారి వెలుగు తగ్గే సందర్భం ఒకటుంది, సూర్యగ్రహణం. 2015 మార్చి 20న యూరప్‌లో గ్రహణం వచ్చేనాటికి అక్కడ దాదాపు 90 గిగావాట్ల సోలార్ ఉంది. అందులో జర్మనీ ఒక్కదానిలోనే 38 గిగావాట్ల పైన. ముందే తేదీ తెలుసు, ముందే రిజర్వులు సిద్ధం చేసుకున్నారు. గ్రహణం వచ్చింది, వెళ్లింది, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"ట్రాన్స్‌ఫార్మర్ ఒకే దిశలో పనిచేస్తుంది"

ఇది సూటిగా తప్పు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉన్నవి ఇనుప కోర్, రెండు చుట్టలు. పవర్ ఎటు నుంచి ఎటు పోతోందో వాటికి పట్టదు. వేడెక్కడం కరెంటు పరిమాణాన్ని బట్టి ఉంటుంది, దిశను బట్టి కాదు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 60 కేవీఏ కిందికి పంపినా, 60 కేవీఏ పైకి పంపినా చుట్టల్లో వేడి ఒకటే. రేటింగ్ దాటి పైకి పంపిస్తే తప్పకుండా దెబ్బతింటుంది. రేటింగ్ దాటి కిందికి పంపించినా అంతే.

దిశ పట్టించుకునేవి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే పరికరాలు. పొడవాటి లైన్ల మధ్యలో పెట్టే వోల్టేజీ రెగ్యులేటర్‌లో పాత కంట్రోలర్ ఉంటే, పవర్ తిరగబడినప్పుడు తప్పు వైపు సరిచేయబోయి ట్యాప్‌ను చివరిదాకా తోసేస్తుంది. కొన్ని పాత రకం ట్యాప్ చేంజర్లకు వెనక్కి వచ్చే పవర్‌ను తట్టుకునే సామర్థ్యం తక్కువ. నగరాల నడిబొడ్డున వలలా అల్లిన తక్కువ వోల్టేజీ నెట్‌వర్కుల్లో పవర్ కాస్త వెనక్కి వస్తే చాలు, అక్కడి రక్షణ స్విచ్ దాన్ని ఫాల్టుగా అనుకుని తెరుచుకుంటుంది. మెసేజ్ రాసిన వ్యక్తి ఈ మూడింటి గురించి రాసి ఉంటే నేను తలూపేవాణ్ణి.

"వోల్టేజీ పెరిగి సామాన్లు మాడిపోతాయి"

ఇందులో సగం నిజం. మిగతా అభ్యంతరాల కంటే దీన్నే నేను ఎక్కువ గౌరవిస్తాను, ఎందుకంటే ఒక వీధి లైన్ ఎంత సోలార్ మోయగలదో చాలాచోట్ల తేల్చేది వోల్టేజీయే.

లెక్క సులువు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ లైన్ తీసుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి ఇంటి దాకా ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి నిరోధం 0.4 ఓమ్. ఆ ఇల్లు 5 కిలోవాట్లు బయటికి పంపితే సుమారు 22 ఆంపియర్లు. 0.4తో గుణిస్తే దాదాపు 9 వోల్టుల పెరుగుదల, చివరి ఇంట్లో 239. ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఆ చివరనే నాలుగు ఇళ్లు, నాలుగూ అదే ఫేజ్ మీద, ఒకేసారి 20 కిలోవాట్లు పంపుతున్నాయి అనుకోండి. పెరుగుదల 35 వోల్టులు. అంటే 265. యూరప్ ప్రమాణం 230కి అటూ ఇటూ 10 శాతం వరకే ఒప్పుకుంటుంది, పైన 253.

మరి ఫ్రిజ్ మాడిందా? మాడలేదు. 265 దాకా చేరనే చేరదు. పరిమితి దాటగానే ఇన్వర్టర్లు (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చి లైన్‌లోకి పంపే పెట్టెలు) వాటంతటవే తప్పుకుంటాయి. నష్టపోయేది ప్యానెళ్ల యజమాని. ఎండ బాగా కాసే వేళలోనే ఆయన యూనిట్లు పోతాయి. ఇది న్యాయమైన ఫిర్యాదే, ముఖ్యంగా లైన్ చివర ఉన్నవాళ్లది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఇంటికి ఈ బాధ ఉండదు.

సామాన్లు నిజంగా మాడిపోయే సందర్భాలు సోలార్ రాకముందు నుంచీ ఉన్నాయి. వాటిలో పేరుమోసిన కారణం న్యూట్రల్ తెగడం. త్రీఫేజ్ లైన్‌లో న్యూట్రల్ ఊడితే ఒక ఇంట్లో బల్బు మిణుకుమిణుకుమంటుంది, ఇంకో ఇంట్లో వోల్టేజీ 300 దాటిపోతుంది. వీధిలో ఒకేసారి నాలుగైదు ఇళ్లలో టీవీలు పోతే ముందు చూడాల్సింది స్తంభం మీది న్యూట్రల్ జాయింట్.

ఇక పై లెక్కలో నాకు నచ్చే భాగం ఇది. ఆ 20 కిలోవాట్లనే మూడు ఫేజుల మీద సమానంగా పంచండి. ఒక్కో ఫేజ్‌లో కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. మూడూ సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు ఉండదు కాబట్టి అక్కడి పెరుగుదల కూడా పోతుంది. మొత్తం ఆరో వంతు. 35 వోల్టులు 6 వోల్టులకు పడిపోతాయి. కొత్త తీగ లాగలేదు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేదు, ఏ ఇల్లు ఏ ఫేజ్ మీద ఉందో చూసి మార్చారు, అంతే. నిజమైన వీధిలో ఇంత చక్కగా కుదరదు, సగం కుదిరినా చాలు. ఫేజులు సరిచూడకుండానే "ఈ లైన్‌లో ఇక సోలార్‌కు చోటు లేదు" అని రాసిపారేయడం బద్ధకం.

రెండో సులువు ట్యాప్. సాయంత్రం లోడ్ పెరిగినప్పుడు చివరి ఇంటికి వోల్టేజీ చాలదని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌ను కాస్త పైకి పెట్టి ఉంచడం పాత అలవాటు. అలా పెట్టాక మధ్యాహ్నం పెరుగుదలకు మిగిలే చోటు తక్కువ. ఒక మెట్టు దించితే సరిపోయే లైన్లు చాలా ఉంటాయి. మూడోది ఇన్వర్టర్. వోల్టేజీ పెరుగుతుంటే రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్‌లో అటూ ఇటూ ఊగుతూ వోల్టేజీని పెంచే, తగ్గించే పవర్) పీల్చుకోవడం, ఇంకా పెరిగితే పూర్తిగా ఆగిపోకుండా వాట్లు తగ్గించుకోవడం ఇప్పటి ఇన్వర్టర్లకు వచ్చు. సన్నని వీధి తీగల్లో నిరోధం ఎక్కువ కాబట్టి రియాక్టివ్ పవర్ ప్రభావం పుస్తకాల్లో కనిపించినంత ఉండదు, అది ఒప్పుకోవాలి.

ఇక్కడే నిబంధనల కథ మొదలవుతుంది. అమెరికాలో 2003లో వచ్చిన ఐఈఈఈ (విద్యుత్ ఇంజినీర్ల సంస్థ) 1547 ప్రమాణం, చిన్న ఉత్పత్తి యూనిట్లు వోల్టేజీని సరిచేసే పని పెట్టుకోకూడదని చెప్పింది. కాస్త తేడా కనబడగానే పక్కకు తప్పుకోమంది. అవి పిడికెడు ఉన్న రోజుల్లో ఇది మంచి నియమమే. 2018లో అదే ప్రమాణాన్ని తిరగరాసి, వోల్టేజీ సరిచేసే సామర్థ్యం ఉండి తీరాలన్నారు, చిన్న కుదుపులకు తప్పుకోకుండా నిలబడాలన్నారు. పదిహేనేళ్లలో నియమం తలకిందులైంది. మెసేజ్ ఇంకా 2003లోనే ఉంది.

"లైన్‌మన్ ప్రాణానికి ముప్పు"

ప్రాణం సంగతి కాబట్టి దీన్ని కొట్టిపారేయకూడదు. భయం ఇదీ: సబ్‌స్టేషన్‌లో లైన్ ఆపారు, కానీ ఒక ఇంటి నుంచి కరెంటు వెనక్కి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి, హెచ్‌టీ (అధిక వోల్టేజీ) వైపు వేల వోల్టులై కూర్చుంటే?

గ్రిడ్‌కు కట్టిన మామూలు సోలార్ ఇన్వర్టర్ గ్రిడ్ వోల్టేజీని చూసి దాని వెంట నడుస్తుంది. ఆ ఆధారం పోతే ఆగిపోవాలి. ఐఈఈఈ 1547 ప్రకారం 2 సెకన్లలోపు. తిరిగి కరెంటు వచ్చాక కూడా వెంటనే కలవదు, మామూలుగా 5 నిమిషాలు ఆగి, అంతా నిలకడగా ఉందని చూసుకుని కలుస్తుంది. నిజంగా ప్రమాదం తెచ్చేది చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగ్‌కు తగిలించిన డీజిల్ జనరేటర్, లేదా అలాగే కట్టిన బ్యాకప్ ఇన్వర్టర్. వాటికి గ్రిడ్ ఉందో లేదో చూసుకునే బుద్ధి ఉండదు.

అయినా ఇన్వర్టర్ తయారీదారు మాట మీద ఎవరూ స్తంభం ఎక్కకూడదు, ఎక్కరు కూడా. లైన్ క్లియర్ తీసుకోవాలి, రెండు వైపులా విడదీయాలి, టెస్టర్‌తో చూడాలి, పనిచేసే చోటికి రెండు పక్కలా ఎర్తింగ్ చేయాలి. ఎర్త్ చేసిన తీగ మీద ఎటు నుంచి కరెంటు వచ్చినా భూమిలోకే పోతుంది. ఈ పద్ధతి సోలార్ కోసం పుట్టింది కాదు, జనరేటర్లు, పక్క లైన్ నుంచి వచ్చే ఇండక్షన్, పిడుగు అన్నిటికీ అదే రక్ష.

ఇందులో సాంకేతికంగా మిగిలిన ముడి వేరే ఉంది. ఒక ఫీడర్‌లో లోడ్, సోలార్ దాదాపు సమానంగా ఉన్న క్షణంలో లైన్ తెగితే, ఇన్వర్టర్లకు గ్రిడ్ పోయిన సంగతి కనిపెట్టడం కష్టం. వేర్వేరు కంపెనీల ఇన్వర్టర్లు కనిపెట్టే పద్ధతులు ఒకదాన్నొకటి గందరగోళపరుస్తాయి. ఆలోపు, అర సెకను తర్వాత, రీక్లోజర్ (ట్రిప్ అయిన లైన్‌ను దానంతటదే మళ్లీ కలిపే స్విచ్) లైన్‌ను తిరిగి కలిపితే? రెండు వైపుల వోల్టేజీ అలలు ఒకదానితో ఒకటి కలిసి నడవకపోవచ్చు, పరికరాలకు దెబ్బ. అందుకే సోలార్ ఎక్కువున్న ఫీడర్లలో రీక్లోజర్ ఆగే సమయాన్ని పెంచుతారు, లేదా అవతల వోల్టేజీ లేదని చూశాకే కలిసేలా పెడతారు. ఇది ఖర్చు తక్కువ పని, కానీ మరిచిపోతే నష్టం పెద్దది.

"రిలేలకు ఫాల్టు కనిపించదు"

చిన్న హైడ్రో, బయోగ్యాస్ జనరేటర్ల విషయంలో ఇది నిజం. అవి తిరిగే యంత్రాలు. షార్ట్ అయితే రేటింగ్‌కు ఐదారు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కరెంటు పోస్తాయి. ఫీడర్ మధ్యలో అలాంటిది ఉంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఫాల్టు కరెంటు తగ్గినట్టు కనిపించి, రిలే ఆలస్యంగా కదలవచ్చు. పక్క ఫీడర్‌లో ఫాల్టు వస్తే ఈ ఫీడర్ అనవసరంగా ట్రిప్ కావచ్చు. దీనికి కరెంటు దిశను కూడా చూసే డైరెక్షనల్ రిలేలు, కొత్త సెట్టింగులు అవసరం.

సోలార్ ఇన్వర్టర్ అలా పోయలేదు. లోపలి సెమీకండక్టర్లను కాపాడుకోవడానికి రేటింగ్‌కు 1.1 నుంచి 1.2 రెట్ల దగ్గరే ఆపేసుకుంటుంది. కాబట్టి రిలేను మభ్యపెట్టేంత బలం దానికి మామూలుగా ఉండదు. అసలు చిక్కు ఎదురు దిక్కున ఉంది: గ్రిడ్ నుంచి విడిపోయి ఇన్వర్టర్ల మీదే నడిచే చిన్న మైక్రోగ్రిడ్‌లో షార్ట్ అయినా ఫ్యూజ్ ఎగిరేంత కరెంటు రాదు.

మెసేజ్‌లో లేని ఒక నిజమైన తలనొప్పి

ఇన్ని తప్పులు రాసిన మెసేజ్, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లను నిజంగా టెన్షన్ పెట్టే విషయాన్ని వదిలేసింది. దాన్ని దాగిన లోడ్ అనవచ్చు.

ఒక ఫీడర్ మీద మధ్యాహ్నం 5 మెగావాట్ల వాడకం ఉంది, ఇళ్ల మీద సోలార్ 2 మెగావాట్లు ఇస్తోంది అనుకుందాం. సబ్‌స్టేషన్ మీటర్‌లో కనిపించేది 3. ఎక్కడో ఫాల్టు వచ్చి ఫీడర్ ట్రిప్ అయింది. ఆపరేటర్ పాడైన ముక్కను విడదీసి, మిగతాదాన్ని పక్క ఫీడర్‌కు మార్చాలి. పక్క ఫీడర్‌లో 4 మెగావాట్లకు చోటుంది. 3 పడుతుంది కదా అని కలుపుతాడు. కానీ ఇన్వర్టర్లు 5 నిమిషాల దాకా కలవవు. ఒక్కసారిగా 5 మెగావాట్లు పడతాయి. దానికి తోడు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏసీలు, ఫ్రిజ్‌లు, మోటార్లు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. పక్క ఫీడర్ కూడా ట్రిప్. ఒక వీధి చీకటి రెండు వీధుల చీకటి అవుతుంది, సైడీలో నిమిషాలు పెరుగుతాయి.

దీనికి మందు సోలార్ ఆపడం కాదు, ఫీడర్ వారీగా ఎంత సోలార్ ఉందో ఆపరేటర్ తెర మీద కనిపించడం. ఎన్ని కిలోవాట్లు ఎక్కడ పెట్టారన్న రికార్డు సరిగా ఉండి, దగ్గర్లోని ఒక ప్యానెల్ ఉత్పత్తి చూస్తే మిగతావి అంచనా వేయొచ్చు. చాలాచోట్ల ఆ రికార్డే సరిగా ఉండదు.

"దక్షిణ ఆస్ట్రేలియా, బ్రిటన్, స్పెయిన్ చీకటైంది ఇందుకే"

మెసేజ్‌కు బలం ఇచ్చేది ఈ వాక్యమే. ఒక్కొక్కటీ విడిగా చూడాలి.

దక్షిణ ఆస్ట్రేలియా, 2016 సెప్టెంబర్ 28. సుడిగాలులు పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్ల టవర్లను పడగొట్టాయి. రెండు నిమిషాల్లో వరసగా ఆరుసార్లు వోల్టేజీ కుంగింది. గాలిమరల్లో ఒక సెట్టింగ్ ఉంది: తక్కువ సమయంలో కొన్ని కుంగుబాట్లు లెక్కకు మించితే ఉత్పత్తి తగ్గించుకోమని. ఆ సెట్టింగ్ సంగతి గ్రిడ్ నడిపేవాళ్లకు తెలియదు. ఏడు సెకన్ల లోపే 456 మెగావాట్లు పోయాయి. పక్క రాష్ట్రంతో ఉన్న లైన్ మీద భారం పడి అదీ తెగింది. దాదాపు 8,50,000 కనెక్షన్లు చీకటయ్యాయి. గాలి వీయకపోవడం వల్ల జరిగింది కాదు. తర్వాత సెట్టింగులు మార్చారు. 2017 చివరికి అదే రాష్ట్రంలో హార్న్స్‌డేల్ దగ్గర 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు.

బ్రిటన్, 2019 ఆగస్టు 9. పిడుగు పడింది. నిమిషాల వ్యవధిలో హార్న్‌సీ సముద్ర గాలిమరల కేంద్రం, లిటిల్ బార్ఫర్డ్ గ్యాస్ కేంద్రం రెండూ ఉత్పత్తి కోల్పోయాయి. మెసేజ్ గాలిమరలను గుర్తుపెట్టుకుని గ్యాస్‌ను మరిచిపోయింది. మన చర్చకు మాత్రం ముఖ్యమైంది మూడోది: పంపిణీ లైన్ల మీదున్న చిన్న ఉత్పత్తి యూనిట్లు సుమారు 500 మెగావాట్లు తప్పుకున్నాయి. గ్రిడ్ పోయిందని పొరబడి తప్పుకున్నాయి. వాటి రక్షణను మరీ సున్నితంగా పెట్టారు మరి. ఫ్రీక్వెన్సీ మామూలు 50 నుంచి 48.8 హెర్ట్జ్‌కు పడింది, ఆటోమేటిక్ కోతలో దాదాపు 10 లక్షల మందికి కరెంటు పోయింది. పంపిణీ స్థాయిలో చిన్న యూనిట్లు ఒక పెద్ద ఘటనను ఇంకా పెద్దది చేయగలవనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. మెసేజ్ దాన్ని పట్టుకోలేకపోయింది. తర్వాత బ్రిటన్‌లో వేల కేంద్రాల్లో ఆ రిలే సెట్టింగులు మార్చే కార్యక్రమం నడిపారు.

స్పెయిన్, 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12:33. స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగాలు రెండూ చీకటి. మూలం అధిక వోల్టేజీ. ఒక కేంద్రం వోల్టేజీ ఎక్కువైందని తప్పుకుంటే వోల్టేజీ ఇంకా పెరిగి ఇంకో కేంద్రం తప్పుకుంది, అలా గొలుసులా సాగింది. అక్కడి నిబంధనల ప్రకారం పునరుత్పాదక కేంద్రాలు స్థిరమైన పవర్ ఫ్యాక్టర్‌తో (అంటే వోల్టేజీని బట్టి రియాక్టివ్ పవర్‌ను మార్చకుండా) నడుస్తున్నాయి, వోల్టేజీని సరిచేసే పని వాటికి అప్పగించలేదు. ఆ పని చేయాల్సిన సంప్రదాయ కేంద్రాలు కావలసినంత రియాక్టివ్ పవర్ పీల్చుకోలేదని స్పెయిన్ ప్రభుత్వ నివేదిక చెప్పింది. తప్పు ఎవరిదన్న వాదులాట అక్కడ గట్టిగానే నడిచింది. 2025 జూన్‌లో పునరుత్పాదక కేంద్రాలు కూడా వోల్టేజీ సరిచేసేలా నిబంధన మార్చారు.

ఇవి మూడూ ఒకెత్తు, నాకు మరీ ఆసక్తిగా అనిపించేది జరగకుండా తప్పిన నాలుగోది. జర్మనీలో చిన్న సోలార్ ఇన్వర్టర్లన్నీ ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ తాకగానే ఆగిపోవాలని నియమం ఉండేది. ఒక్కో ఇంటికి విడిగా చూస్తే సబబే. కానీ లక్షల ఇన్వర్టర్లు ఒకే అంకె దగ్గర ఒకే క్షణంలో ఆగితే పోయేది వేల మెగావాట్లు, ఖండమంతటికీ ఉన్న తక్షణ రిజర్వ్ 3,000 మెగావాట్లు. లెక్క చూసుకుని ఉలిక్కిపడి, 2012లో చట్టం చేసి, 3 లక్షలకు పైగా యూనిట్ల సెట్టింగులు మార్చడం మొదలుపెట్టారు. ఇంటింటికీ మనుషులు వెళ్లాల్సి వచ్చింది. హవాయిలో 2015లో అలాంటి పనే దాదాపు 8 లక్షల ఎన్‌ఫేజ్ కంపెనీ మైక్రో ఇన్వర్టర్లకు నెట్ ద్వారా దూరం నుంచే చేసేశారు. అంత సులువుగా మార్చగలిగితే అంతే సులువుగా దుర్మార్గులూ మార్చగలరు కదా అనే ప్రశ్న వస్తుంది. సైబర్ భద్రత నిజమైన ఆందోళనే, మెసేజ్ దాన్నీ వదిలేసింది.

"కరెంటు పోతే సోలార్ కూడా పనిచేయదు"

మామూలు గ్రిడ్ సోలార్ విషయంలో ఇది పూర్తిగా నిజం. కొనేవాళ్లలో చాలామందికి అమ్మేవాళ్లు ఇది చెప్పరు. పైన లైన్‌మన్ కోసం చెప్పిన రక్షణే ఇక్కడ అడ్డం వస్తుంది. మెసేజ్ మాత్రం ఒకే చేత్తో "కరెంటు పోయినా సోలార్ లైన్‌లోకి పంపి మనిషిని చంపుతుంది", "కరెంటు పోతే సోలార్ ఆగిపోతుంది" అని రెండూ రాసింది. ఒకే ఇన్వర్టర్ గురించి రెండూ నిజం కాలేవు.

గ్రిడ్ లేనప్పుడు కూడా వెలగాలంటే మూడు కావాలి: సొంతంగా వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ నిలబెట్టగల ఇన్వర్టర్, బ్యాటరీ, ఇంటిని లైన్ నుంచి విడదీసే స్విచ్. వీధి స్థాయిలో, ఊరి స్థాయిలో కూడా ఇది జరిగింది. 2011లో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు సెండాయ్‌లోని మైక్రోగ్రిడ్ ఆసుపత్రికి కరెంటు, వేడి అందించింది. అక్కడ ఎక్కువ భారం మోసింది గ్యాస్ ఇంజిన్లేనని కూడా చెప్పాలి, సోలార్, బ్యాటరీలు తోడయ్యాయి. కాలిఫోర్నియాలో బొర్రేగో స్ప్రింగ్స్ అనే ఎడారి ఊరికి ఒకే ఒక్క ట్రాన్స్‌మిషన్ లైన్. 2015లో ఆ లైన్ మరమ్మతుకు ఆపినప్పుడు దగ్గర్లోని సోలార్ కేంద్రం ప్రధాన ఆధారంగా మైక్రోగ్రిడ్ సుమారు 2,800 కనెక్షన్లను నడిపింది. అలాంటి ఊళ్లలో స్థానిక ఉత్పత్తి సైడీని నేరుగా తగ్గిస్తుంది. నాలుగు వైపుల నుంచి ఫీడర్లు ఉన్న నగరం మధ్యలో దాని అవసరం చాలా తక్కువ.

సాయంత్రం సంగతి కూడా ఒక మాట. లోడ్ పీక్ రాత్రి ఎనిమిదికి వచ్చే ఫీడర్‌లో బ్యాటరీ లేని సోలార్ ఆ పీక్‌ను ఒక్క ఆంపియర్ కూడా తగ్గించదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్సి ఉంటే మార్చాల్సిందే.

"ఇంజినీర్లే 15 శాతం దాటొద్దన్నారు"

ఈ అంకె నిజంగానే ఉంది. 1990ల చివర్లో కాలిఫోర్నియా నిబంధనల్లో మొదలై అమెరికా అంతటా పాకింది. ఫీడర్ పీక్ లోడ్‌లో 15 శాతం లోపు ఉత్పత్తి ఉంటే లోతైన అధ్యయనం లేకుండానే కనెక్షన్ ఇవ్వొచ్చు అన్నది దాని అర్థం. ఫీడర్ల కనిష్ఠ లోడ్ మామూలుగా పీక్‌లో 30 శాతం దాకా ఉంటుందని, అందులో సగం దగ్గర ఆగితే ఏ వేళలోనూ పవర్ వెనక్కి రాదని వేసుకున్న మోటు అంచనా. దాటితే కనెక్షన్ ఇవ్వొద్దని ఎక్కడా లేదు, అధ్యయనం చేయమని ఉంది. పైగా సోలార్ పగలే ఇస్తుంది కాబట్టి రాత్రి కనిష్ఠాన్ని కాక పగటి కనిష్ఠాన్ని చూడాలి.

హవాయిలో తర్వాత ఆ పరిమితిని పగటి కనిష్ఠ లోడ్‌లో 120 శాతానికి, 2015లో 250 శాతానికి పెంచారు. పెంచేముందు తేల్చుకున్న ముఖ్యమైన భయం ఒకటుంది: సోలార్ పొంగుతున్న వేళ ఫీడర్ బ్రేకర్ హఠాత్తుగా తెరుచుకుంటే, లోడ్ కంటే ఎక్కువున్న ఆ పవర్ ఎక్కడికీ పోలేక వోల్టేజీ ఎగబాకుతుందా, ఎంతసేపు? దానికోసం మార్కెట్లో ఉన్న ఇన్వర్టర్లను అమెరికా జాతీయ పునరుత్పాదక శక్తి ప్రయోగశాలలో బల్ల మీద పెట్టి పరీక్షించారు. త్వరగా ఆగగలవని తేలిన వాటితోనే ఆ ఫీడర్లలో కొత్త కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టారు.